మొగుడి వీపు మీద ఎర్ర సున్నా

పింగాణీ ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర కూర్చునేవాళ్లు దేన్నీ ఊరికే చూడలేరు. సినిమాకి వెళితే కథ వదిలేసి తెర మీది మరకలు వెతుకుతారు. ఎవరైనా పసిపిల్లని చేతికిస్తే ముద్దు పెట్టుకునే ముందు ఓసారి వెలుతురు వైపు తిప్పుతారు. కాలేజీ చదువు అవగానే ఆ బల్ల దగ్గర చేరి నాలుగేళ్లు దాటిన ఓ అమ్మాయికి అక్కడివాళ్లు చుక్కలమ్మాయి అని పేరు పెట్టారు. మట్టిలో కలిసిన ఇనుప రజను బట్టీలో కాలి, పళ్లెం మీద నల్లటి చుక్కగా తేలుతుంది. అది ఆవగింజలో పదోవంతున్నా సరే, ఆ అమ్మాయి కంటబడకుండా గడప దాటేది కాదు.

పని చూడ్డానికి తేలిక. పళ్లెం ఎత్తి వేలి కణుపుతో తట్టాలి. ఖంగుమంటే మంచిది, టప్పుమంటే లోపలెక్కడో పగులుంది. తర్వాత దీపం కింద నెమ్మదిగా తిప్పాలి. చుక్క కనిపిస్తే దాని చుట్టూ ఎర్ర మైనం పెన్సిలుతో సున్నా చుట్టాలి. ఒక్క సున్నా కూడా లేని పళ్లెం మొదటి రకం, లారీ ఎక్కి పెద్ద పెద్ద హోటళ్లకి పోతుంది. ఒకటో రెండో ఉంటే రెండో రకం, గేటు పక్క గదిలో పనివాళ్లకే చవగ్గా అమ్మేస్తారు. మూడో సున్నా పడిందా, ఇక మాటల్లేవు. పెంకుల తొట్టిలోకి విసిరేయడమే.

ఆ పెన్సిలుని చుక్కలమ్మాయి కొప్పులో గుచ్చుకునేది. సాయంత్రం మరిచిపోయి దాంతోనే ఇంటికి వచ్చేసేది. పెళ్లయి అరవై ఎనిమిది రోజులు. ఈ అరవై ఎనిమిది రోజుల్లో మొగుడు ఆ పెన్సిలుని కొప్పులోంచి తీసి గూట్లో పెట్టిన సాయంత్రాలు యాభై దాకా ఉంటాయి. అలా తీసేటప్పుడు జుట్టంతా ఒక్కసారి భుజాల మీద జారిపడేది. అందుకోసమే ఆమె మరిచిపోతోందని మనం అనుకున్నా తప్పులేదు.

మొగుడికి రెండు వీధుల అవతల కళ్లజోళ్ల దుకాణం ఉంది. మనిషి మంచివాడు, నవ్వితే ముందు చెవులు కదిలేవి. ఒక్కటే ముల్లు. పుట్టుకతో రెండోవాడు. బడిలో రెండో ర్యాంకు, పరుగుపందెంలో రెండో బహుమతి, వీధిలో రెండో కళ్లజోళ్ల దుకాణం. చివరికి ఈ సంబంధం కూడా రెండోదే. అతని కంటే ముందు ఓ ఇంజినీరు ఆమెని చూడ్డానికి వచ్చాడు. పళ్లెమన్నాక ఏదైనా ఒకటేగా అన్నాడట. తొమ్మిదో నిమిషంలో ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ సంగతి మొగుడు తనే చెప్పి తనే నవ్వేవాడు గాని, నవ్వు అయ్యాక చెవులు కాస్త ఆలస్యంగా సర్దుకునేవి.

ఇంట్లో పళ్లాలన్నీ ఆమె తెచ్చినవే, అన్నీ రెండో రకమే. ఎంత తోమినా మైనం గీత పూర్తిగా పోదు, చుక్క చుట్టూ లేత గులాబీ రంగు నీడలా మిగిలిపోతుంది. భోజనాల దగ్గర మొగుడు ఎవరి చుక్క ఎవరిదో వంతులు వేసేవాడు. అంచు మీద చుక్క ఉన్నది అతనిది, నడిమధ్య ఉన్నది ఆమెది, రెండు చుక్కలున్నది అత్తగారిది. పెద్దవాళ్లకి ఒకటి ఎక్కువ ఉండాలిగా అనేవాడు.

ఒక ఉదయం అతను తల తుడుచుకుంటూ కిటికీ వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎడమ భుజం ఎముక కింద మిరియపు గింజంత పుట్టుమచ్చ ఒకటుంది. ఆమెకి దాని మీద ఓ కన్నుంది, ఇష్టంతోనే. ఆ మచ్చ చుట్టూ, కొలిచి గీసినట్టు, ఎర్రటి సున్నా.

చుక్కలమ్మాయి గబుక్కున కొప్పు తడుముకుంది. ఆ గీత తనకి తెలియనిదా. రోజుకి మూడువందల సార్లు గీసే గీత అది. పెన్సిలు కొప్పులోనే ఉంచుకుని పడుకున్నప్పుడు రాసుకుందేమో అనుకుంది. కానీ రాసుకున్న మైనం అంత గుండ్రంగా ఎలా వస్తుంది? అంటే తనే, నిద్రలో...

మైనం గీత తప్పుపడితే చెరపడానికి ఫ్యాక్టరీలో స్పిరిట్ వాడతారు. ఇంట్లోనూ ఓ చిన్న సీసా ఉంది. గుడ్డ తడిపి గబగబా రుద్దింది. ఏమిటని అడిగితే చీమ అంది. చల్లగా ఉందే అంటే చల్లటి చీమ అంది. అతను మెలికలు తిరిగిపోతూ నవ్వాడు. సున్నా మాత్రం పోలేదు సరికదా, ఇంకాస్త కందింది.

ఆ రోజు తనిఖీ బల్ల దగ్గర పక్క కుర్చీలో కూర్చునే పెద్దావిడని అడిగింది. ఆవిడని అందరూ భూతద్దం అంటారు, గోడకి అవతల ఉన్న పగులు కూడా చెబుతుందని. అక్కా, మనం నిద్రలో సున్నాలు చుడతామా అని అడిగితే, భూతద్దం ఏ తొణుకూ బెణుకూ లేకుండా, చేరిన కొత్తల్లో తను గోడ మీద పాకే చీమలకి చుట్టేదాన్నని, ఒకసారి పెళ్లిలో పురోహితుడి బట్టతల మీది మచ్చకి చుట్టబోతే తల్లి చెయ్యి పట్టుకుని ఆపిందని చెప్పింది. తర్వాత పళ్లెం ఒకటి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కానీ మొగుడికి మాత్రం ఎప్పుడూ చుట్టలేదమ్మా, అంత ధైర్యం లేదు అంది.

దాంతో చుక్కలమ్మాయికి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే, అతను పళ్లు తోముకుంటుంటే వెనకనుంచి వెళ్లి ఓ చీమని చంపేది.

నాలుగు రోజులకి కుడి భుజం వెనక ఉన్న రెండో పుట్టుమచ్చకీ సున్నా వచ్చింది.

ఇదే సమయంలో మొగుడి ప్రవర్తన మారిపోయింది. తుడుచుకున్న తువ్వాలు నాలుగు మూలలూ కలిపి మడత పెట్టడం మొదలుపెట్టాడు. పొద్దునొకసారి, దుకాణం నుంచి రాగానే ఇంకోసారి గడ్డం గీసుకునేవాడు. టీ తాగేటప్పుడు చప్పుడొస్తోందా అని అడిగేవాడు. గిన్నెలు తోమిపెట్టి, వెలుతురు వైపు తిప్పి చూసుకుని, మళ్లీ తోమేవాడు. మొదట ఆమెకి ముద్దొచ్చింది. ఇంత మంచి మొగుడు ఎక్కడ దొరుకుతాడని భూతద్దంతో గొప్పలు కూడా పోయింది. కానీ ఇల్లంతా ఇంత మర్యాద నిండిపోయేసరికి ఉక్కగా అనిపించసాగింది. పంతులుగారి ముందు నిలబడ్డ కుర్రాడిలా అలా చేతులు కట్టుకుని చూస్తాడేమిటి? కొప్పులోంచి పెన్సిలు కూడా తీయడం మానేశాడు. దాన్ని చూస్తే రెండడుగులు వెనక్కి వేసేవాడు. పైగా గుమ్మం కమ్మీకి వీపు ఆనించి ఎడమకీ కుడికీ ఊగుతూ నిలబడేవాడు. దురద.

గుట్టు రట్టు చేసింది అత్తగారు. ఆ కమ్మీ దగ్గరే కొడుకు వీపు గోకబోయి చొక్కా పైకెత్తారు. ఆపైన కోడల్ని వంటింట్లోకి పిలిచారు.

"ముప్ఫై ఏళ్లు ఈ వీపు నేను తోమాను, అమ్మాయ్. ఏ మచ్చ ఎక్కడుందో నాకు తెలుసు. దేనికీ ఏ సున్నా లేదు. నువ్వొచ్చిన రెండున్నర నెలలకే రెండొచ్చాయి. ఇంకా ఎన్ని ఉన్నాయి నీ లెక్కలో?"

చుక్కలమ్మాయి ఏం చెప్పగలదు. నిద్రలో జరిగిందత్తయ్యా అంటే మెలకువలో ఇంకేం చేస్తావో అంటారు. తల వంచుకుంది. వంచిన తలలోంచి పెన్సిలు తొంగిచూసింది. అత్తగారు దాన్ని లాగి, బిస్కెట్ల డబ్బాలో పడేసి, మూత బిగించి, డబ్బాని తన మంచం పక్కన పెట్టుకున్నారు. ఇక నుంచి ఫ్యాక్టరీ పెన్సిలు ఫ్యాక్టరీలోనే ఉండాలన్నారు. చుక్కలమ్మాయి సరేనంది. నిజం చెప్పొద్దూ, ఆమెకి కాస్త తెరిపిగానే అనిపించింది. ఖైదు పడింది పెన్సిలుకేగా.

వారం గడిచింది. ఓ సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మొగుడు పొద్దుపోకముందే దుకాణం కట్టేసి వచ్చాడు, ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆమె పళ్లాలు సర్దింది. అంచు మీద చుక్కున్న పళ్లెం అతని ముందు పెట్టింది. అలవాటు కొద్దీ చెయ్యి కొప్పు మీదికి పోయింది, తల దురదపెట్టి.

అతను పళ్లెంతో సహా లేచి గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"మూడోది కూడా పెట్టేశావు," అన్నాడు. "నడుం దగ్గర. ఇవాళ దుకాణంలో చూసుకున్నాను. ఎప్పుడు విసిరేస్తావో ముందే చెబితే, దుకాణం తాళాలు అన్నయ్యకి ఇచ్చేస్తాను."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అసలు సంగతి అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. పన్నెండు రోజుల కిందట దుకాణంలో, కొత్త ఫ్రేము పెట్టుకున్నవాళ్లు ముందూ వెనకా చూసుకునే జంట అద్దాల మధ్య అతను చొక్కా మార్చుకున్నాడు. వీపు మీద ఎర్ర సున్నా కనిపించింది. ఆ సున్నా అతనికి కొత్తా? మూడు పూటలా దాని మీదే తింటున్నాడు. ఒకటి పడిందంటే రెండో రకం. జీవితమంతా రెండోవాడు, ఆఖరికి పెళ్లాం దగ్గర కూడా అదే. సరే, ఇంకోటి పడకుండా బుద్ధిగా ఉంటే చాలనుకున్నాడు. తువ్వాలు మడత పెట్టాడు. గడ్డం రెండుసార్లు గీశాడు. అయినా రెండోది పడింది. ఇప్పుడు మూడోది. మూడు పడితే ఏమవుతుందో పెళ్లికి ముందే ఆమె నవ్వుతూ చెప్పింది.

చుక్కలమ్మాయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి, ముక్కులోంచి ఓ వింత చప్పుడు బయటికొచ్చింది. అతను దాన్ని నవ్వనుకుని ఇంకా చిన్నబోయాడు.

అప్పుడు అత్తగారు ఎంతో నింపాదిగా చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీశారు. బిస్కెట్ల పొడిలో పెన్సిలు పడుకుని ఉంది.

"ఏడు రోజులుగా ఇది నా దగ్గరే ఉంది. నేను పడుకున్నా ఒక చెయ్యి మూత మీదే ఉంచాను. మూడోది మాత్రం అమ్మాయి గీసింది కాదురా."

కోడలి తరపున అత్తగారు సాక్ష్యం చెప్పడం ఆ ఇంట్లో అదే మొదలు. కానీ దాన్ని చూసి సంతోషించే తీరిక ఎవరికీ లేదు. బల్లదీపం దగ్గరికి లాగి చుక్కలమ్మాయి మొగుణ్ని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. అతని జేబులోంచే భూతద్దం తీసుకుంది. ఇన్నాళ్లూ దొంగచూపులే చూసిందిగాని పని చూపు చూడలేదు. ఇప్పుడు చూసింది. మచ్చ మచ్చలాగే ఉంది. చుట్టూ ఉన్న ఎరుపు గరుగ్గా ఉంది, సన్నటి పొలుసు లేచింది. వేలితో తాకితే కాస్త ఉబ్బెత్తుగా తగిలింది. పూత మీద పడిన మరకకీ, పూత కింద మట్టిలోంచి వచ్చిన రంగుకీ తేడా ఆమెకి కళ్లు మూసినా తెలుస్తుంది.

"ఇది పైన గీసింది కాదండీ," అంది. "లోపల్నుంచి వచ్చింది."

తను గీయలేదన్న ఊరట రెండు క్షణాలు కూడా నిలవలేదు. లోపల్నుంచి ఏం వచ్చింది? పళ్లెమైతే బల్ల మీద పెట్టేసి ఇంకోటి ఎత్తుకోవచ్చు. ఈ ఒక్కదానికి మారు లేదు.

మర్నాడు ముగ్గురూ చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లారు. అత్తగారు డబ్బా కూడా చంకన పెట్టుకొచ్చారు, అవసరమైతే చూపించవచ్చని. డాక్టరమ్మ పొట్టిగా, హుషారుగా ఉంది. దీపమున్న చిన్న అద్దం మచ్చల మీద ఆనించి ఒక్కొక్కటీ చాలాసేపు చూసింది. ఇన్ని నిమిషాలు ఒక్క చుక్క మీద పెట్టడం చూసి చుక్కలమ్మాయికి ఆమె మీద వృత్తి గౌరవం కలిగింది.

మచ్చలు మామూలువే అని చెప్పింది డాక్టరమ్మ. చుట్టూ ఉన్నది ఎగ్జిమా లాంటి వాపు. కొందరికి అలా పుట్టుమచ్చల చుట్టూ ఉంగరంలా లేస్తుంది, పులిపిర్ల లాంటి వాటి చుట్టూ కూడా రావచ్చు. ఎందుకొస్తుందో ఇదమిత్థంగా చెప్పలేం. అంటుకోదు. ఆయింట్‌మెంట్ రెండు పూటలా రాస్తే తగ్గిపోతుంది, మచ్చ మాత్రం అలాగే ఉంటుంది. ఎరుపు పోయాక మచ్చని మళ్లీ ఓసారి చూడాలి, రూపమో రంగో మారితే వెంటనే రావాలి. అంతవరకూ చెప్పి కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"అది సరేగాని, దీన్ని దేంతోనో బరబరా తుడిచారు. ఎవరది?"

అత్తగారు కోడలివైపు చూశారు. కొడుకు ఇద్దరివైపూ చూశాడు. చల్లటి చీమల సంగతి చుక్కలమ్మాయి నేల చూపులు చూస్తూ ఒప్పుకుంది. స్పిరిట్‌తో రుద్దితే పోయేది కూడా పోదమ్మా, పళ్లెం కాదుగా అంది డాక్టరమ్మ. ఆయింట్‌మెంట్ ఎక్కడెక్కడ రాయాలో తెలియడానికి కాగితం మీద ఓ వీపు బొమ్మ వేసి, మూడు చోట్ల ఎర్ర కలంతో మూడు సున్నాలు చుట్టి అతని చేతికిచ్చింది.

అతను ఆ కాగితం వైపు చూసి, "మీరు కూడానా అండీ," అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో అత్తగారు ముందు నడుస్తుంటే అతను మెల్లిగా అడిగాడు. "అంటే నువ్వు కూడా నువ్వే గీశావనుకున్నావన్నమాట. నిద్రలోనైనా సున్నా చుట్టాలనిపించేంత కనిపించిందా నాలో?"

ఆమె అడుగులు త్వరపెట్టి అత్తగారిని కలుసుకుంది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెనకే నడిచాడు.

పూటపూటకీ ఆయింట్‌మెంట్ రాయడం చుక్కలమ్మాయి వంతు. చిటికెన వేలితో, ఊపిరి బిగబట్టి, పూత పూసేవాళ్లలా రాసేది. అతను గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. వారానికి పొలుసు రాలింది. పది రోజులకి ఎరుపు గులాబీ రంగుకి దిగింది, వాళ్ల పళ్లాల మీది నీడల్లాగే. మూడో వారానికి అదీ పోయింది. మూడు మచ్చలూ ఏమీ ఎరగనట్టు నల్లగా, నున్నగా మిగిలాయి. డాక్టరమ్మ మళ్లీ చూసి, మచ్చల్లో ఏ మార్పూ లేదని పంపించేసింది. అత్తగారు పెన్సిలుని విడుదల చేశారు.

ఆ వారం సెలవు రోజు మధ్యాహ్నం అతను తనంతట తనే బల్లదీపం వెలిగించి, చొక్కా విప్పి, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"తనిఖీ చెయ్యి. ఫ్యాక్టరీలో ఎలా చేస్తావో అలాగే. మొగుడని చూడకు."

ఆమె నవ్వబోయి అతని ముఖం చూసి మానుకుంది. వేలి కణుపుతో ఛాతీ మీద తట్టింది. ఖంగుమందా అని అడిగాడు. దడదడమంటోంది అంది. భుజం పట్టుకుని నెమ్మదిగా తిప్పింది. ఎడమ చెవి కుడిదానికంటే పిసరంత కిందికుంది. కనుబొమలో చిన్నప్పటి గాటు ఉంది. మెడ వెనక పులిపిరి ఒకటి, వీపు మీద మూడు మచ్చలు, మోచేతి దగ్గర కాలిన మరక. అన్నీ పైకే చదివింది. ఒక్కోదానికీ అతను తల ఊపాడు.

"ఎన్నో రకం?"

మొదటి రకం అనేస్తే ఓ పనైపోయేది. ఇంకెవరైనా అనేసేవాళ్లే. కానీ ఫ్యాక్టరీ యజమాని స్వయంగా వచ్చి నిలబడ్డా చుక్క ఉన్న పళ్లేన్ని మొదటి రకమని పంపని మనిషి ఆమె.

"రెండో రకమే," అంది.

చెవులు దిగాలుపడ్డాయి. అవి పూర్తిగా కిందికి రాకముందే ఆమె అతని ముందు నేల మీద చతికిలబడింది.

"మొదటి రకం పళ్లెం నా చేతిలో ఎంతసేపుంటుందో తెలుసా? పది సెకన్లు. తట్టి, తిప్పి, పక్కన పెట్టేస్తాను. లారీ ఎక్కి పోతుంది. దాని ముఖం కూడా నాకు గుర్తుండదు. నాలుగేళ్లలో ఒక్కటి ఇంటికి తెచ్చుకోలేదు. తెచ్చుకున్నవన్నీ గేటు పక్క గదిలో పొద్దుపోయేదాకా కూర్చుని, ఏ చుక్క బాగుందో చూసి చూసి ఏరుకున్నవి. తొమ్మిది నిమిషాల్లో నేను లేచి వెళ్లిపోయింది మొదటి సంబంధం దగ్గర్నుంచండీ. మీ దగ్గర ఆ సాయంత్రం నాలుగు గంటలు కూర్చున్నాను. మా అమ్మ మూడుసార్లు దగ్గింది."

ముందు అతని ఎడమ చెవి కదిలింది. తర్వాత కుడిది. తర్వాత నవ్వొచ్చింది.

"అయితే నా సున్నా నాకు పెట్టు," అంటూ కాలు చాపాడు.

డాక్టరమ్మ మచ్చల జోలికి పోవద్దంది గనక, ఏ మచ్చా లేని మడమ చూసి, కొప్పులోంచి పెన్సిలు తీసి, జుట్టు భుజాల మీద జారిపడుతుంటే, ఆమె అక్కడ ఓ సున్నా చుట్టింది. లక్షల పళ్లాలకి చుట్టిన చెయ్యి ఇప్పుడు మాత్రం కాస్త వంకర పోయింది. గిలిగింతలకి అతను కాలు లాక్కున్నాడు మరి.

సాయంత్రం టీ వేళకి అతను కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అత్తగారు కప్పులతో వస్తూ ఆగిపోయారు. కప్పులు కింద పెట్టి, వంగి, కొడుకు మడమ పట్టుకుని వెలుతురు వైపు తిప్పారు. నాలుగోది. డాక్టరు దగ్గరికి బయలుదేరమంటారేమోనని మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కానీ ఈ నెల రోజుల్లో అత్తగారికీ కాస్త తనిఖీ అబ్బింది. బొటనవేలు తడిచేసుకుని ఒక్క రుద్దు రుద్దారు. ఎరుపు వేలికి అంటింది. దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసుకున్నారు.

"ఇది మాత్రం నీ చేతిదే, అమ్మాయ్," అని, బిస్కెట్ల డబ్బా మూత తీసి కోడలి ముందు పట్టుకున్నారు.